జాకీ రాడ్డు దెబ్బ

నిన్న పొద్దున సుబేదారిలోని మా ఇంట్లో చాయ్ తాగుతూ కూర్చుంటే, కొత్తగా వకీలైన మా మనుమరాలు కేసు కాగితాలు తిరగేస్తూ, "దాదీ, చేత్తోటి కొడితే శిక్ష తక్కువ. ఇనుముతోటి కొట్టి బొక్క ఇరగ్గొడితే జన్మఖైదు దాకా పోతది" అంది. ఆ మాట వినగానే, మేం అప్పట్లో ఉన్న మట్టెవాడలో గోడకు ఆనుకుని, నోటి నిండా నెత్తురుతో కూర్చున్న మా ఫుప్పు, అంటే నాన్న చెల్లెలు, నా కళ్ళ ముందు మెదిలింది.

ఫుప్పు వాళ్ళది మా పక్కిల్లే. ఆమె భర్త లారీ డ్రైవరు. ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక వంక పెట్టి కొట్టేవాడు. చెంపలు వాచేవి, జుట్టు ఊడి వచ్చేది, నాన్న వెళ్ళి కసిరితే కొన్నాళ్ళు తగ్గి మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఒకసారి ఠాణాకు తీసుకెళ్తే, అక్కడి జమేదారు ఆమె కమిలిన మొహం చూసి కూడా, మొగుడూ పెళ్ళాల మధ్య ఇవన్నీ మామూలేనని నచ్చజెప్పి పంపించేశాడు.

నేను టీచరుగా చేరిన కొత్తలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, తనకు చెప్పకుండా మా ఇంటికి వచ్చి అన్నం తిని వెళ్ళిందన్న కోపంతో అతను లారీలోంచి జాకీ రాడ్డు తెచ్చాడు. అరుపు విని నేనూ నాన్నా పరుగెత్తేసరికి, మొహానికి అడ్డం పెట్టుకున్న ఆమె చెయ్యి విరిగి వేలాడుతోంది, ముందరి పళ్ళు నేలమీద నెత్తుట్లో పడి ఉన్నాయి, అతను మళ్ళీ రాడ్డు ఎత్తుతున్నాడు. నాన్న అతని నడుం పట్టి గోడకేసి కొట్టాడు. నేను ఫుప్పును రిక్షాలో ఎక్కించుకుని దవాఖానకు పోయేలోపు నా చీర కొంగంతా ఆమె నెత్తురుతో తడిసి బరువెక్కింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, ఎముక విరిగింది, పళ్ళు ఊడాయి, కొట్టింది ఇనుముతో, ఇది మామూలు గాయం కాదని రాసిచ్చింది. అంతే, ఆ ఠాణావాళ్ళే అదే సాయంత్రం అతనికి బేడీలు వేసి తీసుకుపోయారు.

కోర్టు రోజున అతని అన్నలు ఫుప్పును వరండాలో అడ్డగించి, మెట్లమీద జారిపడ్డానని చెప్పమని ముందు బతిమిలాడారు, తరువాత రెండో చెయ్యి కూడా ఉండదని బెదిరించారు. దేంతో కొట్టాడమ్మా అని జడ్జిగారు అడిగితే ఆమె వరండాకేసి ఒకసారి చూసింది. అప్పుడు ఆ బోసినోటితోనే, "జాకీ రాడ్డుతోటి సార్. ఇంకోటి పడితే సచ్చిపోతుంటి" అంది.

అతనికి ఏళ్ళ తరబడి జైలు పడింది. తిరుగుదారిలో, గెలిచాం ఫుప్పూ అని నేను సంబరపడుతుంటే, వంకరగా అతుక్కున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని, "గీ దెబ్బకు శిక్ష పడ్డది బిడ్డా. చేత్తోటి కొట్టినయి ఎవలన్న అడిగిండ్రా? అవి సుత నొచ్చినయి గదా" అంది.

ఫుప్పు పోయి చాలా కాలమైంది. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆనాటి ఇళ్ళలో ఒకరింట్లో గిన్నె కింద పడితే పక్కింటికి వినిపించేది. ఇప్పుడు మా అపార్టుమెంటులో తలుపులన్నీ ఎప్పుడూ మూసే ఉంటాయి. గోడ అవతల ఎవరైనా ఏడుస్తున్నారేమోనని ఒక్కోసారి చెవి పెట్టి కూర్చుంటాను. ఏమీ వినిపించదు.