ప్రార్థనలో తేలిన అయస్కాంతం

తాడేపల్లిగూడెం నుంచి పెళ్ళివారు నన్ను చూడటానికి ఏలూరు వచ్చిన రోజున మా నాన్నగారికి అన్నీ నచ్చాయి, పెళ్ళికొడుకు ఉద్యోగం తప్ప.

"అయస్కాంతాలకి పరీక్షేవిటి బాబూ? మేకుకి అంటుకుంటే పాసు, లేకపోతే ఫెయిలు. దానికి ఇంజనీరెందుకండీ?"

అప్పటికింకా మావారు కాని మావారు ఓపిగ్గా చెప్పారు. విదేశంలో భూమి లోపల కడుతున్న పెద్ద యంత్రానికి ఈ అయస్కాంతాలు కావాలట. తీగచుట్టని విపరీతమైన చలిలో ముంచితే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. కరెంటు పెంచుకుంటూ పోయి, అదెక్కడ చేతులెత్తేస్తుందో చూసి రాసుకోవాలి.

"అంటే చెడగొట్టడానికి జీతమన్నమాట," అన్నారు నాన్నగారు.

ఉబ్బసం వల్ల నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలూ ఎక్కాలూ బైబిలూ అన్నీ నాన్నగారే ఇంట్లో నేర్పారు. అందుకు ఇప్పటికీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. కానీ తనకు అర్థం కానిది అబద్ధమనుకుంటారాయన. ఈ సంబంధం తప్పిపోతుందేమోనని నా భయం. అబ్బాయి నాకు నచ్చారు మరి.

"చూపిస్తానండీ," అంటూ మావారు చేతిరుమాలు విప్పి ఒక నల్లటి బిళ్ళ, చిన్న అయస్కాంతం బయటపెట్టారు. "కాస్త ద్రవ నైట్రోజన్ దొరికితే చాలు. ఆ చలికి ఈ బిళ్ళలోనూ కరెంటుకి అడ్డుండదు, పైన పెట్టిన అయస్కాంతం గాల్లో తేలుతుంది."

దేవుడు ఎంత మంచివాడంటే, కలిదిండి పశువుల ఆసుపత్రిలో పనిచేసే మా మావయ్య, గేదెలకి చూడి కట్టించే సూదిమందు చల్లగా ఉంచే నైట్రోజన్ క్యానుతో సహా, నేరుగా డ్యూటీ నుంచే వచ్చి ఉన్నాడు.

"గ్లాసుడే బావగారూ. అంతకు మించితే రేపు గేదెలకి నేనేం సమాధానం చెప్పుకోను?"

రొయ్యలు తెచ్చిన థర్మాకోల్ పెట్టె మూతలో బిళ్ళ పెట్టి, నైట్రోజన్ పోశారు. పొగలు లేచాయి. బుడగలు తగ్గాక ఆయన పట్టకారుతో అయస్కాంతాన్ని బిళ్ళ పైకి తెచ్చారో లేదో, నాన్నగారు, "ఆగండి. ఏ పనికైనా ముందు ప్రార్థన," అని కళ్ళు మూసుకున్నారు. మావారు కంగారుగా అయస్కాంతం వదిలేసి తనూ మూసుకున్నారు.

నాన్నగారి ప్రార్థన గురించి ఆయనకేం తెలుసు? వానల కోసం స్తోత్రం, వరి కోసం స్తోత్రం, కొల్లేటి కొంగల కోసం, రొయ్యల కోసం, మావయ్య స్కూటరు కోసం, చివరికి ఆ నైట్రోజన్ ఇచ్చిన గేదెల కోసం కూడా.

"ఆమేన్" అని కళ్ళు తెరిచేసరికి మూత పొడిగా ఉంది. అయస్కాంతం బిళ్ళ మీద చతికిలబడి ఉంది.

"ఇదేనా?" అన్నారు నాన్నగారు.

మావయ్య క్యాను ఒళ్ళోకి లాక్కున్నాడు.

"తేలింది నాన్నగారూ," అన్నాను.

గది గదంతా నావైపు తిరిగింది.

"నువ్వెలా చూశావు?"

"కాళ్ళకి చల్లగా పొగ తగిలితే ఒక కన్ను తెరిచాను. బెత్తెడు కన్నా తక్కువే గానీ గాల్లో నిలబడింది."

"ప్రార్థనలోనా?"

"ఒక్క కన్నేనండీ."

"ఎంతసేపు తేలింది?"

"వానల నుంచి స్కూటరు దాకా. గేదెల దగ్గర పడిపోయింది."

"పోనీలే, ప్రార్థన వరసైతే తప్పలేదు," అని నాన్నగారు మావారి వైపు తిరిగారు. "మా అమ్మాయి అబద్ధమాడదు బాబూ. మీ పరీక్ష పాసే. ఈసారి మాత్రం ప్రార్థనయ్యాకే పోయండి."

పెళ్ళిలో పాస్టరుగారు ప్రార్థిస్తున్నంతసేపూ నేను రెండు కళ్ళూ గట్టిగా మూసుకునే ఉన్నాను. నాన్నగారు మాత్రం మూసుకోలేదట, నన్నే చూస్తూ కూర్చున్నారని మావయ్య చెప్పాడు. మావయ్య ఎలా చూశాడో ఎవరూ అడగలేదు.