గోవిందు కుడి మడమ

1955 వేసవి. కడపలో ఒక కాలేజీకి నేను ఫిజికల్ డైరెక్టర్‌ని. పేరు పెద్దదే గానీ, నేను డైరెక్ట్ చేయడానికి ఉన్నవి రెండు ఫుట్‌బాళ్లు, ఒక స్టాప్‌వాచ్, గడ్డి మొలవడానికి ఇష్టపడని ఒక గ్రౌండు. బి.ఏ. చదివి ఈ ఉద్యోగమేమిటని బంధువులు అడిగేవారు. ఎండలో నిలబడటానికి కూడా డిగ్రీ కావాలని చెప్పేవాణ్ని.

గోవిందు అప్పుడే ఇంటర్మీడియట్ ముగించాడు. ఊరి చివర నేతవాళ్ల వీధిలో ఇల్లు. జూన్ నెలాఖరులో పోలీసు సెలక్షన్లు. అందులో మైలు పరుగు, అంటే నాలుగు చుట్లు. గడువులోపల రానివాణ్ని ఇంటికి పంపేస్తారు. గోవిందుకు ఇల్లంటే మగ్గం.

"ఈ ఒక్కసారికే ఒప్పుకున్యాడు సార్ మా నాయన. తప్పితే ఇంగ జన్మంతా ఆ మగ్గం గుంతలోనే" అన్నాడు.

గడువుకు వాడు అర నిమిషం వెనకబడి ఉన్నాడు. లోపం కాళ్లలో కాదు, పేస్‌లో. పేస్ అంటే ఉన్న బలాన్ని నాలుగు చుట్లకూ సమంగా పంచుకోవడం. గోవిందు మొదటి చుట్టు కుక్క తరిమినట్టు పరుగెత్తి, నాలుగో చుట్టు ఆ కుక్కను వెతుకుతున్నట్టు నడిచేవాడు. అది సరిచేస్తుండగా కుడి మడమ నొప్పి మొదలైంది. పిక్కను మడమకు కట్టి ఉంచే తాడులాంటి దాన్ని అకిలీస్ టెండన్ అంటారు. అది వాచింది. నాకు తెలిసిన మందు ఒకటే, విశ్రాంతి.

"వారం రోజులు పరుగు బంద్. ఇంటిపట్టున కూర్చో" అన్నాను.

వారం తరువాత వచ్చాడు. వాపు కాస్త పెరిగింది. ఇంకో వారం కూర్చోమన్నాను. ఇంకాస్త పెరిగింది. విశ్రాంతితో జబ్బు ముదిరే రోగిని అంతకుముందు చూడలేదు. దొంగచాటుగా పరుగెత్తుతున్నాడేమోనన్న అనుమానంతో ఒకరోజు పొద్దున్నే, చెప్పకుండా, వాళ్లింటికి వెళ్లాను.

గోవిందు మగ్గం గుంతలో ఉన్నాడు. పైన పోగును మోసుకెళ్లే నాడె అటూ ఇటూ పరుగెడుతోంది. కింద రెండు కాళ్లూ చెక్కలను మార్చి మార్చి తొక్కుతున్నాయి.

"ఏం చేస్తున్నావురా?" అన్నాను.

"రెస్టు తీసుకుంటాండా సార్."

వేళాకోళం కాదు. పక్కనుంచి వాళ్ల నాయన సాక్ష్యం పలికాడు. "కాలు నొప్పని అంగడికి గూడా పంపల్యా సార్. పొద్దున్నుంచి మాపటిదాంకా ఈన్నుంచి లేయనీకుండా కూసోబెట్నా."

ఆ ఇంట్లో ఊరికే కూర్చునే చోటు వేరే లేదు. వంగి గుంతలోకి చూశాను. చెక్క తొక్కిన ప్రతిసారీ బలమంతా మునివేళ్ల మీద పడి, మడమ కిందికి దిగి, ఆ టెండన్ సాగుతోంది. దాని ముందు మైలు పరుగు ఆటవిడుపు.

"మగ్గం మాన్పించాల్సిందే" అన్నాను.

"మాని ఏం సేస్తాడు సార్? పెండ్లి చీరలు నేసియ్యాల మేము."

"కండెలు చుట్టమను."

కండెలంటే నాడెలో పెట్టే నూలు చుట్టలు. రాట్నం ముందు కూర్చుని చుట్టాలి. కాలితో పనిలేదు. కానీ అది ఆడవాళ్ల పని. గోవిందు ముఖం చూస్తే మడమ నొప్పే నయమనుకుంటున్నట్టుంది.

"మొగపిల్లోడు రాట్నం తిప్పుతాంటే నేను వీధిలో తలెత్తుకోని తిరగాలనా?" అన్నాడు వాళ్ల నాయన.

అప్పటిదాకా కండెలు చుడుతున్న వాళ్లమ్మ లేచింది. "నేను మగ్గంలోకి దిగుతా, వాన్ని ఈడ కూసోనీ. నగేటోళ్లుంటే, వాడు పోలీసు టోపీ పెట్టుకున్యాక వచ్చి నగమను."

"నీకు నేసేది వచ్చునా?"

"ఇన్నేండ్లు సూస్తానే ఉండా గదా. నువ్వు సేసేదేమంత కష్టంగా లేదు."

ఆయన నా వైపు తిరిగాడు. "ఏం సారూ, పిల్లోనికి పరుగు నేర్పమంటే మా ఇంట్లో ఉద్యోగాలు మార్చినావే!"

గోవిందు మూడు వారాలు కండెలు చుట్టాడు. మడమ కాస్త ఎత్తులో ఉండేలా బూటులో గుడ్డ మడతపెట్టించాను. వాపు తగ్గాక నడక, తరువాత మెల్లని పరుగు. పూర్తి వేగం చివరి నాలుగు రోజులే.

సెలక్షన్ రోజు వాళ్ల నాయన నా పక్కనే నిలబడ్డాడు. మొదటి చుట్టులో గోవిందు చివరి నుంచి రెండోవాడు.

"నిదానంగా పొమ్మని నువ్వే సెప్పినావంట గదా?"

"అవును."

"బాగా ఇన్యాడు."

మూడో చుట్టులో ఒక్కొక్కరినీ దాటసాగాడు. చివరి మలుపులో కుడికాలు కుంటింది. ఆయన నా మోచేయి పట్టుకున్నాడు. స్టాప్‌వాచ్ నొక్కడానికి ఆ చెయ్యి విడిపించుకోవాల్సి వచ్చింది. గోవిందు కుంటుతూనే గీత దాటాడు. నా లెక్కలో నాలుగు సెకన్లు మిగిలాయి. పోలీసువాళ్ల లెక్క ఎంతో చెప్పలేదు, పాసైనవాళ్లలో వాడి పేరు మాత్రం రాసుకున్నారు.

ఆ తరువాత కాలు నొప్పని ఎవరొచ్చినా, కాలు ముట్టుకునే ముందు ఇంట్లో ఏం పనిచేస్తావని అడగడం అలవాటు చేసుకున్నాను. నా దగ్గర వాళ్లు పరుగెత్తేది రోజుకు గంటసేపు. మిగతా ఇరవై మూడు గంటలూ ఆ కాళ్లు వాళ్లింటివి.