యాడికి బావా?

మా నాయన గాలాన్ని మా బావ తీసుకుపోయిన దినం నుంచి, ఆ మనిషి కాల్లో ముల్లు గుచ్చుకున్నా నాకు సంతోషమే. అబద్ధం చెప్పను.

బావంటే మా అక్క మొగుడు. మా ఇంటికి ఆనుకునే వాళ్ళిల్లు. నాయన దినాలు అయిపోయినాక, "మామకు కొడుకుల్లేరు, పెద్దల్లుణ్ణి, గాలం నాకే," అని చంకన పెట్టుకుని పోయినాడు. వెదురు కోసి, పొగలో ఆరబెట్టి, ఆముదం పూసి, నాయనా నేనూ కలిసి చేసుకున్న గాలమది. ఇయ్యమని అడిగితే అమ్మ ముందరే ఎగతాళి చేసినాడు.

"ఆడదానికి గాలమెందుకు మరదలా? సరే, ఈ వానలకు నాకంటే ముందు ఒక కొరమేను పట్టి అత్తకు చూపించు. గాలం ఇచ్చి దండం పెడతా."

నా ఒళ్ళు మండిపోయింది. ఉండు, నీ పని చెప్తా అనుకున్నా.

మా ఏట్లో నాయన కొరమేను పట్టే తీరే వేరే. తొలివాన పడిన మర్నాడు తెల్లారేసరికి పుట్టల్లోంచి రెక్కల ఉసిళ్ళు లేస్తాయి. అవి నీళ్ళ మీద రాలతాంటే కొరమేను పైకొచ్చి గుటుక్కున మింగుతాది. గాలానికి గుండు కట్టకూడదు, బెండూ కట్టకూడదు. దారానికి కొవ్వొత్తి రుద్ది, కొక్కేనికి ఉసిళ్ళు గుచ్చి, నీళ్ళ పైన్నే తేలేట్టు వదలాల. ఎండెక్కితే ఉసిళ్ళూ ఉండవు, చేపా పైకి రాదు.

బావకూ ఇది తెలుసు. వాన పడిన మర్నాడు నాకంటే ముందే లేచి బండి స్టార్టు చేసినాడు. అయితే బావకు ఒక పిచ్చి ఉండాది. బయల్దేరేటప్పుడు 'యాడికి' అని ఎవరన్నా అడిగితే అపశకునం. లోపలికి పోయి, కాళ్ళు కడుక్కుని, నీళ్ళు తాగి, కాసేపు కూర్చుంటేగాని మళ్ళీ కదలడు. చిత్తూరు కోర్టుకు పోయినా అంతే, మామిడి మండీకి పోయినా అంతే. మా నాయనకు ఆ పట్టింపు లేదు. చిన్నప్పుడు నేను "యాడికి నాయనా?" అంటే, "ఏటికి. వస్తావా?" అని చెయ్యి చాపేవాడు.

గోడ మీంచి తొంగిచూసి, తేనె పూసినట్టు అడిగినా.

"యాడికి బావా?"

మొగం మాడిపోయింది. "నీ నోట్లో మన్నుబడ!" అని బండి ఆపి లోపలికి పోయినాడు.

నేను మామిడికాయలు కోసే కట్టెకున్న వలచిక్కం విప్పి నడుముకు చుట్టుకుని, కట్టె కొనకు కొక్కెమున్న దారం కట్టి, అడ్డదోవన ఏటికి ఉరికినా. ఉసిళ్ళు దండిగా రాలతాండాయి. దారం వదిలేలోపల దూరంగా బండి శబ్దం. ఫోన్ చేసినా. మా అమ్మకేమన్నా అయిందేమోనని బండి ఆపి ఎత్తినాడు.

"యాడికి బావా, ఇంత పొద్దున్నే?"

ఆ తిట్లు ఈడ రాయను. బండి వెనక్కి తిరిగిన శబ్దం మాత్రం చెవులారా విన్నా. అబ్బా, ఎంత హాయిగా ఉన్నిందో!

కాసేపటికి నీళ్ళు గుండ్రంగా కదిలినాయి, నా ఉసిళ్ళు మాయమైనాయి. కట్టె వంగిపోయింది. చేతులు కోసుకుపోతాన్నా వదల్లేదు. మోకాటి లోతు నీళ్ళలో దిగి, కొరమేనును చిక్కంలోకి తోసి గట్టుకు ఈడ్చినా.

దాన్ని అమ్మ ముందర పెట్టేసరికి బావ ఇంకా వాళ్ళింటి అరుగు మీదే ఉన్నాడు, ఎండెక్కింది.

"గాలం ఇచ్చేయ్ నాయనా," అని బావతో అనింది అమ్మ.

గాలం గోడకానించి పోబోయినాడు. నేనెందుకు వదుల్తా? "దండం బావా?" అన్నా. అక్క చూస్తాండగానే పెట్టించుకున్నా.

మళ్ళీ వాన పడినాక నాయన గాలం భుజానేసుకుని బయల్దేరినా. గోడ అవతల నుంచి ఊరంతా వినపడేట్టు అరిచినాడు.

"యాడికి మరదలా?"

నేను ఆగలేదు, వెనక్కీ రాలేదు.

"ఏటికి. వస్తావా?" అన్నా.

చెయ్యి మాత్రం చాపలేదు.