నాలుగో గడిలో మొగ్గ

మా చిన్నప్పుడు నగరి బస్టాండు పక్కన, లాటరీ కొట్టు ముందు ఒక నల్ల పలక వేలాడుతూ ఉండేది... రోజూ మధ్యాహ్నం మూడింటికి దాని మీద సుద్దముక్కతో ఒకే ఒక అంకె రాసేవారు. అది చూసుకుని ఇంటికి పరుగెత్తడం నా పని. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

టికెట్టు చివరి అంకె పలక మీది అంకెతో కలిస్తే డబ్బు... అంతే ఆట. ఏ అంకె కొనాలో తేల్చుకోవడానికి ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి. ఒకాయన ముందుగా వచ్చిన పుత్తూరు బస్సు నంబరు కూడేవాడు. ఇంకొకాయన పాత అంకెలన్నీ సిగరెట్టు పెట్టె వెనక రాసుకుని గీతలు కలిపేవాడు. మా నాయన పద్ధతి మాత్రం ఇంకెవరికీ లేదు...

మాది మగ్గం ఇల్లు. నాయన నేసే చీరల అంచులకు పటం వేసేది అమ్మ. గళ్ళ కాగితం మీద, ఎర్ర సిరాతో, కింది వరస నుంచి పైకి. వరసకు పది గళ్ళు, అందులో ఒక్క మొగ్గ. మొగ్గలన్నీ కలిపితే తీగ. నా చీర కోసమని ఒక అంచు మొదలుపెట్టింది. సగంలో జ్వరం వచ్చింది. మంచం మీద నుంచే ఇంకో ఐదు మొగ్గలు పెట్టింది... ఆ తర్వాత అమ్మ లేదు.

నెల తిరిగాక నాయన బస్టాండులో టీ తాగుతూ ఆ పలక చూశాడు. ఆ వారం వచ్చిన అంకెలన్నీ ఒక మూలన వరసగా రాసి ఉన్నాయి. మూడు, ఎనిమిది, రెండు, ఆరు, తొమ్మిది... ఇంటికొచ్చి కాగితం తీశాడు. అమ్మ చివరి ఐదు మొగ్గలూ అవే గళ్ళలో ఉన్నాయి, అదే క్రమంలో. నేనూ వేలు పెట్టి లెక్కబెట్టాను. రెండుసార్లు. తేడా లేదు.

ఆ రోజు నుంచి పలక మీద ఏ అంకె వస్తే పై వరసలో ఆ గడిలో మొగ్గ పెట్టేవాడు నాయన. సున్నా వస్తే పదో గడి. పెన్సిలుతో తీగ కలిపి, అది ఎటు వంగబోతోందో చూసి మరుసటి రోజు టికెట్టు కొనేవాడు. ఒక్కోసారి తగిలేది. తగిలినా మొహంలో సంతోషం ఉండేది కాదు. డబ్బు గూట్లో పడేసి మళ్ళీ కాగితం ముందు కూర్చునేవాడు. కాళ్ళు పెట్టుకుని నేసే మగ్గం గుంటలోకి దిగడమే మానేశాడు...

"సచ్చినోళ్ళు పటం గీస్తారంట్రా? ఆడ మగ్గం మీద సాలెపురుగు గీస్తా ఉండాది, దాన్ని సూడు" అని మా అవ్వ దెప్పింది ఒకరోజు.

నాయన తలెత్తలేదు. "ఇంకా పద్నాలుగు వరసలుండాయిమ్మా. అవి నిండితే ఆమె పనీ అయిపోతాది, నా పనీ అయిపోతాది."

అవ్వకు ఆ మాట వినపడిందో లేదో... నాకు వినపడింది. స్కూలు నోటు చివరి పేజీలో పద్నాలుగు గీతలు గీసుకుని రోజుకొకటి కొట్టేస్తూ వచ్చాను. పది మిగిలేసరికి నాయన రాత్రి అన్నం మానేశాడు. ఆరు మిగిలేసరికి తన పంచెలు, చొక్కాలు మడిచి అమ్మ పెట్టెలో, అమ్మ చీరల మీద పెట్టేశాడు.

మూడు మిగిలిన రోజు పలక మీద ఏడు ఉంది.

"ఏం పాపా, మీ నాయన తీగ ఏడు మీదికి పాకిందా? తగిలితే నాకో పంచె నెయ్యమను" అని కొట్టాయన నవ్వాడు.

దారంతా ఆలోచించాను. తప్పు అంకె చెబితే తీగ తెగిపోతుంది... తెగితే అది అమ్మ వేస్తున్నది కాదని నాయనకు తెలిసిపోతుంది... కాగితం వదిలేస్తాడు. నాకు తోచిన ఉపాయం అదొక్కటే.

"నాలుగు" అన్నాను.

నాయన నాలుగో గడిలో మొగ్గ పెట్టాడు. తీగ తెగలేదు... మలుపు తిప్పేటప్పుడు అమ్మ ఎప్పుడూ ఒక మొగ్గను లోపలికి లాగేది. అచ్చం అలాగే కూర్చుంది. నాయన గూట్లోంచి టికెట్టు తీసి నా ముందు పెట్టాడు. చివరి అంకె నాలుగు.

చొక్కా తగిలించుకుని, టికెట్టు తీసుకుని బస్టాండుకు వెళ్ళాడు.

తిరిగొచ్చి మగ్గం గుంట అంచున కూర్చున్నాడు. కొడతాడనుకున్నాను.

"ఆడ వచ్చింది ఏడంట" అన్నాడు మెల్లగా. "నాలుగని నీకెవురు సెప్పినారు పాపా?"

"ఎవురూ సెప్పలా నాయనా. నోటికొచ్చింది."

ఆయన నా మొహం చూడలేదు. నా భుజం పక్కనుంచి వెనక్కి చూశాడు... చాలాసేపు. నేను తిరిగి చూడలేదు. గంజి వాసన వచ్చింది. మా ఇంట్లో పడుగు నూలుకు గంజి పెట్టి అప్పటికి నెలలైంది.

తర్వాత ఎర్ర సిరా పెన్ను నా చేతికిచ్చాడు.

"మిగిలిన రెండు వరసలూ నువ్వే ఎయ్యి. ఆమె ఇంక ఆ పలక కాడ లేదు, నీ కాడికొచ్చేసింది. నేను యాడికీ పోను. నీ చీర నెయ్యాల."

రెండు మొగ్గలు పెట్టాను. ఏ గడిలో పెట్టాలో ఆలోచించిన గుర్తు కూడా లేదు... చెయ్యి దానంతటదే పోయింది. నాయన సాలెగూళ్ళు దులిపి గుంటలోకి దిగాడు. మళ్ళీ ఎప్పుడూ టికెట్టు కొనలేదు. ఆ చీర నా బీరువాలోనే ఉంది. అంచు మీద ఆ నాలుగో గడి మొగ్గ వేలికి తగిలితే ఇప్పటికీ చెయ్యి వెనక్కి తీసుకుంటాను.

ఆ వారమంతా నేను బస్టాండు వైపు పోలేదు. రైలు గేటు వీధిగుండా చుట్టు తిరిగి స్కూలుకు వెళ్ళాను... పలక మీద తర్వాతి రెండు రోజులూ ఏ అంకెలు వచ్చాయో చూడకూడదని. పాల చీటీ కూడా రెండుసార్లు కూడి చూసుకునే మనిషిని నేను. ఆ రెండు మొగ్గలు మాత్రం ఇంతవరకూ సరిచూసుకోలేదు.

నిన్న ఫోన్లో ఎవరో పాత అంకెలు గళ్ళల్లో నింపి, రేపు ఏది వస్తుందో చెబుతామంటూ వీడియో పెట్టారు. నేను వెతకలేదు, అదే వచ్చింది... ఆ గళ్ళు చూసేసరికి ఇదంతా రాయాలనిపించింది.

మీ ఇంట్లోనూ తెలిసీ సరిచూసుకోకుండా వదిలేసినది ఏదైనా ఉంటే కింద రాయండి, చదువుతాను. అప్పట్లో చూడొద్దనుకుంటే చుట్టు తిరిగి పోవడానికి ఇంకో వీధి ఉండేది... ఇప్పుడీ ఫోన్లో ఆ వీధి లేదు.