తాళం పడిన పెట్టెల కొట్టు

గవర్నర్‌పేట సందులో జక్రయ్య శవపేటికలు చేసి అమ్ముతాడు. చనిపోయినవారి పొడవును పురికొసతో కొలిచి తెస్తే, దానికి సరిపోయే పెట్టె ఇస్తాడు. చావు చెప్పి రాదని, ఇరవై రెండేళ్లుగా ఆ కొట్టుకు పగటిపూట తాళం వేసి ఎరగడు. తను లేకపోతే భార్య కూర్చునేది.

చిన్న వ్యాపారుల సబ్సిడీకి దరఖాస్తు పెట్టిన ఏడాదికి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

"పన్నులు, పనివాళ్ల పీఎఫ్, సబ్సిడీల కొత్త రూల్స్ మీద రేపు సదస్సండీ. మీరు రాకపోతే ఫైలు కదలదు."

భార్య ఉయ్యూరులో చెల్లెలి ఇంట్లో ఉంది. జక్రయ్య తిట్టుకుంటూనే తాళం వేసి వెళ్లాడు.

మూడు గంటలూ దండలకూ శాలువాలకూ, ఒకరినొకరు పొగుడుకోవడానికే సరిపోయాయి. రూల్స్ వాట్సాప్‌లో పెడతామన్నారు. చేతిలో పెట్టిన చల్లారిన ఉప్మా పొట్లం చూస్తేనే వెగటు పుట్టి, దాన్ని వీధి కుక్కకు పెట్టాడు.

వారం తిరగకుండా ఆ ఆఫీసు నుంచే నోటీసు వచ్చింది. సరిగ్గా సదస్సు రోజునే వాళ్ల మనిషి కొట్టు తనిఖీకి వచ్చాడట.

"కొట్టు మూసి ఉన్నది. ఇక్కడ ఎలాంటి వ్యాపారమూ జరగడం లేదు. దరఖాస్తు తిరస్కరించడమైనది."

"థూ! మీరు పిలిస్తేనే గదరా మూసింది!" అన్నాడు జక్రయ్య.

కింద సాక్ష్యంగా ఫొటో అతికించారు. కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. తాళం స్పష్టంగా పడింది. దాని కింద, మెట్టు మీద, ఎవరో ముసలాయన కూర్చుని ఎదురు చూస్తున్నాడు. ఆయన రెండు చేతుల మధ్య చాచి పట్టుకున్న పురికొస రెండు మూరలు కూడా లేదు.