కెమెరా గడియారం

ఆ యజమానిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, మార్కాపురంలో నేను పనిచేసిన పలకల గని అతనిది. మద్రాసు నుంచి చూడ్డానికి అచ్చం కెమెరాలా ఉండే, ఫోటోలు మాత్రం తీయని చేతిగడియారం ఒకటి తెచ్చుకున్నాడు. లోకంలో అలాంటివి కొన్నే చేశారట. దాన్ని కూలీల మొహాల ముందుకు ఎత్తి, "కదలొద్దు, ఫోటో తీస్తా" అనేవాడు. వాళ్లు తలపాగా సర్దుకుని, ఊపిరి బిగబట్టి నిలబడితే పగలబడి నవ్వేవాడు.

ఒకరోజు గనిలో చరియ విరిగిపడి ఒక కూలీ పోయాడు. అతని తల్లి యజమాని దగ్గరికి వచ్చింది.

"మావాణ్ణి ఫోటో తీసినావంట గదయ్యా. పెద్దకర్మకు పెట్టుకుంటాం, ఇయ్యి."

అతను చొక్కా చెయ్యి గడియారం మీదికి లాక్కున్నాడు. "సరిగా రాలేదు. మీవాడు కదిలినాడు."

ఆమె రెండు చేతులూ జోడించింది.

"చిన్నప్పటి నుంచీ అంతేనయ్యా, కుదురుగా నిలబడడు. ఏమీ అనుకోవాకు."