మంచం కింద మంచం

ప్యో సోల్‌మిన్‌కు ఆ రోజు పొద్దుటి నుంచీ కుర్చీలో కుదురు లేదు. దక్షిణ కొరియాలో దేజాన్ అనే ఊళ్లోని ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో అందరికంటే చిన్నది ఆమె. కొత్తగా కట్టబోయే ఆస్పత్రిలో నలుగురు రోగులుండే గది ఒక్కటే రెండేళ్లుగా గీస్తోంది. ఆ గదే నలభై ఎనిమిది సార్లు వస్తుంది. సాయంత్రం అయిదింటికి ప్లాన్లు అప్పగించాలి. తప్పేదో మిగిలిపోయిందని మనసు పీకుతోంది, అదేమిటో మాత్రం తట్టడం లేదు.

మధ్యాహ్నం తిండి మానేసి, వీధి చివరి ఆస్పత్రిలో ఉన్న అమ్మమ్మను చూడబోయింది. తుంటి ఎముక విరిగి ఆవిడ మంచం పట్టి ఇరవై రోజులు. ఆ మంచం కింది నుంచి లాగిన, తోడుండేవాళ్ల పొట్టి మంచం మీద కూర్చుని అమ్మ అన్నం చుట్టిన కింబాప్ ముక్కలు తింటోంది. ఇంతలో పక్క రోగి బాత్రూమ్‌కు లేచింది. అమ్మ కూడా లేచి పొట్టి మంచాన్ని పెద్ద మంచం కిందికి నెడితే గానీ బాత్రూమ్ తలుపు తెరుచుకోలేదు. మళ్లీ లాక్కుని రెండు ముక్కలు తిందో లేదో, ఇంకొకావిడ లేచింది. రాత్రి ఎన్నిసార్లు ఇలా అని అడిగితే, లెక్కపెట్టడం మానేశానంది అమ్మ.

సోల్‌మిన్‌కు పొద్దుటి నుంచీ తట్టని తప్పు దొరికింది. తను గీసిన బాత్రూమ్ తలుపూ అంతే, బయటికే తెరుచుకుంటుంది. లోపల రోగి పడిపోతే తలుపుకు అడ్డం కాకూడదని ఎంతో తెలివిగా పెట్టింది. తీరా పొట్టి మంచం ప్లాన్‌లోనే లేదు. రోగి పక్కన ఇంటివాళ్లు పడుకుంటారని ఆ దేశంలో పుట్టి పెరిగిన ప్రతివాళ్లకూ తెలుసు. అయినా ఆఫీసులో ఒక్కరూ దాన్ని గీయలేదు. పెద్ద మంచం కింద దూరేదాన్ని, పైనుంచి చూసి గీసేవాళ్లు ఎక్కడ చూస్తారు? దీపం కిందే చీకటి.

ఆఫీసుకొచ్చి కాలు కాలిన పిల్లిలా ప్రింటర్ చుట్టూ తిరిగింది. చెబితే రెండేళ్ల పని తప్పని తన నోటితో తనే ఒప్పుకోవాలి. చెప్పకపోతే నలభై ఎనిమిది గదుల్లో ఎవరో ఒక అమ్మ రాత్రంతా లేస్తూనే ఉంటుంది. మూడు దాటాక టీమ్ లీడర్ గూ ముందు నిలబడి ఒక్క గుక్కలో చెప్పేసింది.

గూ అసలే కోపిష్టి. పక్కకు జరిగే తలుపు పెట్టాలంటే గోడ మారాలి, వాష్‌బేసిన్ మారాలి, షీట్లన్నీ మళ్లీ ప్రింటు తీయాలి.

"ఈ మాట ఇప్పుడా చెప్పేది?"

గూ ప్లాన్‌ను ముందుకు లాక్కున్నాడు. గొంతు తగ్గింది.

"మా నాన్న పోయే ముందు మూడు నెలలు అలాంటి పొట్టి మంచం మీదే పడుకున్నా అమ్మాయ్. నాకూ గుర్తు రాలేదు."

ఎవరికో ఫోన్ చేసి, తిట్లు తిని, రేపు మధ్యాహ్నం దాకా గడువు తెచ్చాడు. ముందు ఆ మంచం కొలత తెమ్మన్నాడు.

సోల్‌మిన్ అమ్మకు ఫోన్ చేసింది. టేపు లేదు, జానలతో కొలుస్తానంది అమ్మ. వెడల్పు మూడు జానలు, పొడవు తొమ్మిది. ఆ కొత్త ఆస్పత్రి ఎప్పటికి తయారవుతుందని అడిగింది. నాలుగేళ్లు పట్టొచ్చంది సోల్‌మిన్.

"అప్పటికి పై మంచం మీద నేనుంటా, కింద నువ్వుంటావు," అంది అమ్మ. "నువ్వు నాకంటే పొడుగు. ఇంకో జానెడు వేసుకోవే."